పాత బొమ్మల రంగు తీయడానికి థిన్నర్ వద్దు

సంపాదకులకు,

పాత బొమ్మలకు కొత్త రంగులు వేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన చిట్కాలో ‘పాత రంగు పోవాలంటే బొమ్మను రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టండి’ అని ఉంది. ఇనుప గేటుకైతే ఆ మాట సరిపోతుంది. ప్లాస్టిక్ బొమ్మకు సరిపోదు. తెల్లారేసరికి డబ్బాలో బొమ్మ ఉండదు, రంగు కలిసిన జిగురు ముద్ద ఉంటుంది. దసరా సెలవులు వస్తున్నాయి. కొలువు పెట్టే ఇళ్లలో అటక మీది బొమ్మలు కిందికి దిగుతాయి. బడుల్లో సైన్స్ ఫెయిర్ కోసం పాత మాడళ్లకే మళ్లీ రంగేస్తారు. పాలమూరులో, నల్లగొండలో ఆ చిట్కా చదివి పెయింట్ షాపుకు వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు. అందుకే ఉత్తరం కాస్త పొడవైనా రాస్తున్నాను.

అతికించి కట్టుకునే విమానాలు, ట్యాంకులు, చిన్న సైనికుల బొమ్మలు ఎక్కువగా పాలిస్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. పెయింట్ షాపుల్లో అమ్మే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ఉండే టొలుయీన్, అసిటోన్ లాంటివి రంగుతోపాటు ఈ ప్లాస్టిక్‌నూ కరిగిస్తాయి. కిట్లు అతికించే జిగురు పనిచేసేది కూడా ఇదే పద్ధతిలో. రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. అంటే బొమ్మను థిన్నర్‌లో ముంచడం దాన్ని జిగురులో నానబెట్టడమే. పెట్రోలు కూడా వద్దు.

కాబట్టి ద్రవం కొనకముందే వస్తువు దేంతో చేసిందో తేల్చుకోవాలి. బొమ్మ అడుగున, లోపలి గోడల మీద చిన్న అక్షరాలు వెతకండి. మూడు బాణాల గుర్తులో 6 ఉన్నా, పీఎస్ అని ఉన్నా పాలిస్టైరీన్. పాత ఆర్టీసీ బస్సు బొమ్మల్లాంటి గట్టి వాటి మీద ఏబీఎస్ అని కనిపించవచ్చు, అది మరో రకం ప్లాస్టిక్. ఏ గుర్తూ లేకపోతే కనపడని మూలలో దూది పుల్లతో ఒక చుక్క ద్రవం పెట్టి, పావుగంట ఆగి గోటితో తాకండి. జిగటగా తగిలినా, అక్కడ నిగారింపు పోయి పాలిపోయినా ఆ ద్రవం ఆ బొమ్మకు పనికిరాదు. లోహమైతే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుప రేకు. అంటుకోకుండా బరువుగా ఉంటే జింకు పోత, ఇత్తడి, లేదా తగరం, సీసం లాంటివి కలిపిన తెల్ల లోహం. రంగు లేని అడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలాంటిది పడిందంటే అందులో సీసం ఎక్కువగా ఉందనే అనుకోవాలి. మట్టి, చెక్క, కాగితపు గుజ్జు బొమ్మలకు ఇక్కడ చెప్పేది ఏదీ వర్తించదు. వాటిని నానబెట్టకూడదు.

పాలిస్టైరీన్ మీద నీళ్లతో కలుపుకునే యాక్రిలిక్ రంగు ఉంటే అన్నిటికంటే మంచిది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు తుడవడానికి వాడేది ఇదే, అక్కడ ఐపీఏ అంటారు. 99 శాతం అని రాసి ఉన్నది తీసుకోండి. 70 శాతం రకం కూడా పనిచేస్తుంది కానీ ఎక్కువ సేపు పడుతుంది. వేలెడంత బొమ్మలు నాలుగైదుకు మూతబిగువైన గాజు సీసాలో 200 మి.లీ. చాలు. బొమ్మ పూర్తిగా మునగాలి. అరగంటకు ఒకసారి తీసి చూడండి. రంగు ముందుగా కదిలేది మడతల దగ్గర. అంగీ అంచున, టోపీ కింద ఉడికిన టమాటా తొక్కలా ముడతపడి పైకి లేస్తుంది. పళ్లు తోముకునే మెత్తటి పాత బ్రష్‌తో, బొమ్మను ద్రవంలోనే ఉంచి, ఒకే వైపుకు రుద్దండి. బయటికి తీసి రుద్దితే ఆల్కహాల్ ఆరిపోయి, వదిలిన రంగు పక్క సందులోకి దిగి మళ్లీ అతుక్కుంటుంది. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మూల్లో మిగిలిన దానికి వెదురు పళ్లపుల్ల వాడండి. గుండుసూది, ఇనుప పీచు వద్దు. ఆ సైజు బొమ్మ ముఖంలో కన్ను చాలా చిన్నది. గీత ఒక్కసారి పడితే రంగు దాన్ని కప్పదు, ఇంకా ఎత్తి చూపుతుంది. మరక లాగా మిగిలిన రంగును వదిలేయండి, కొత్త రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత కింద అది కనపడదు. చేత్తో తడిమితే గడ్డలా తగిలేదే తీయాలి.

అద్దాల్లాంటి పారదర్శక భాగాలను ముందే ఊడదీయండి. యాక్రిలిక్ ప్లాస్టిక్ అద్దానికి ఆల్కహాల్ తగిలితే సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. రెజిన్ బొమ్మలు ఇందులో ఎక్కువసేపు ఉంటే ఉబ్బి మెత్తబడతాయి, వాటిని పావుగంటకోసారి చూస్తూ తీసేయాలి. ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పందుకుంటుంది. మన ఎండల సంగతి అటుంచండి, చలికాలం మధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. వంటగదిలో, దీపం ఉన్న పూజగదిలో ఈ పని పెట్టుకోవద్దు. నగల షాపుల్లో శుభ్రం చేయడానికి వాడే అల్ట్రాసోనిక్ మిషన్‌లో ఆల్కహాల్ పోసి వేడిచేయడం అసలే వద్దు.

ఐపీఏ దొరక్కపోతే మందుల షాపులో దొరికే గోధుమరంగు డెటాల్ యాక్రిలిక్ రంగు మీద బాగా పనిచేస్తుంది. నీళ్లు కలపకుండా పోసి, ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. రంగు మెత్తబడగానే కుళాయి కింద పెట్టారా, తెల్లగా విరిగి బంకలా మారుతుంది, బ్రష్ వెంట్రుకలకు, వేళ్లకు, బొమ్మకు పట్టేసి వదలదు. కాబట్టి మొదటి రుద్దుడంతా డెటాల్‌లోనే చేయాలి. తర్వాత శుభ్రమైన డెటాల్‌లో ఒకసారి జాడించాలి. చివర్లోనే గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లు.

నూనె రంగు, అంటే ఇనామిల్, వేసి ఏళ్లు గడిచి గట్టిపడితే ఐపీఏకు సరిగా లొంగదు. పాలిస్టైరీన్ మీద దానికి కాస్టిక్ సోడా పనిచేస్తుంది. లీటరు చల్లటి నీళ్లకు 50 గ్రాముల పలుకులు సరిపోతాయి. నీళ్లలో సోడాను కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఉడుకెత్తి ముఖం మీదికి చిందుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. సత్తు గిన్నెలో, అంటే అల్యూమినియం పాత్రలో కలిపితే గిన్నె నురగలెత్తి తినుకుపోతుంది, మండే వాయువు వస్తుంది. కళ్లకు మూసి ఉండే అద్దాలు, చేతులకు మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. చర్మం మీద గానీ కంట్లో గానీ పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన ద్రావణాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచవద్దు. దాహం వేసిన పిల్లవాడికి అది నీళ్ల సీసాలాగే కనిపిస్తుంది. ఇవన్నీ కుదరని ఇంట్లో కాస్టిక్ సోడా తేవద్దు, బొమ్మ మీద పాత రంగు అలాగే ఉండనివ్వండి. కొందరు బ్రేక్ ఆయిల్ వాడతారు. రంగు వదులుతుంది, నిజమే. కానీ కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్లిస్తాయి, సందుల్లో మిగిలిన జిడ్డు కొత్త రంగును పట్టనివ్వదు. నేను దాన్ని సిఫారసు చేయను.

లోహపు బొమ్మల దగ్గర లెక్క మారుతుంది. అరచేతిలో పట్టే కార్లు, అంటే 1:64 కొలతవి (అసలు కారులో 64వ వంతు), జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం కలిపిన జమాక్ పోతలు. వీటికి కాస్టిక్ సోడా శత్రువు. జింకు, అల్యూమినియం రెండూ అందులో కరుగుతాయి. కాసేపట్లో నల్లబడి, గుంటలు పడి, తలుపు గీతలు, నంబర్ ప్లేటు అక్షరాలు చెరిగిపోతాయి. ప్లాస్టిక్‌కు పనికొచ్చే ద్రవం ఇక్కడ చేటు. ప్లాస్టిక్‌ను కరిగించే అసిటోన్ ఇక్కడ మేలు. కాకపోతే కారు లోపల సీట్లు, అద్దాలు, చక్రాలు ప్లాస్టిక్కే. అందుకని కారును విప్పాలి. కింద ఉన్న రివెట్ తల మీద 4 మి.మీ. డ్రిల్ బిట్‌తో మెల్లగా, తల ఊడేదాకానే తొలవండి. లోతుకు పోతే మళ్లీ బిగించడానికి స్తంభం మిగలదు. ఆ స్తంభంలో 1.6 మి.మీ. రంధ్రం చేసి, ట్యాప్ అనే పనిముట్టుతో లోపల మరలు తీస్తే 2 మి.మీ. మర చక్కగా పడుతుంది.

విప్పిన పోత ముక్కనూ, తెల్ల లోహపు సైనికులనూ మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్‌లో అరగంట ఉంచితే చాలా రంగులు వదులుతాయి. సూపర్ గ్లూతో అతికించిన చేతులు, కత్తులు కూడా ఊడతాయి, ముక్కలు లెక్కపెట్టి ఉంచుకోండి. ఆసుపత్రి రకం నైట్రైల్ గ్లౌజుల్లోంచి అసిటోన్ త్వరగా దిగిపోతుంది, చిమటా వాడండి. హార్డ్‌వేర్ షాపు పెయింట్ రిమూవర్లలో చాలావాటిలో డైక్లోరోమీథేన్ అనే ద్రావకం ఉంటుంది. పీల్చితే అది ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. ఇళ్లలో రంగు తీసుకునేవాళ్లకు దీన్ని అమ్మకుండా అమెరికా 2019లోనే నిషేధించింది. కిటికీ ఒకటే ఉన్న గదిలో ఆ డబ్బా మూత తీయవద్దు.

ఇత్తడి విగ్రహాలు తోమే చింతపండును ఈ పోతలకు వాడవద్దు. ఆ పులుపు ఇత్తడి మీది చిలుమును తీస్తుంది గానీ జింకునూ సీసాన్నీ తినేస్తుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. పాత పోత మీద సన్నని పగుళ్లు కనిపించి, ముక్క ఉబ్బినట్టు ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. పోతలో కలిసిన సీసం మలినం వల్ల లోపల్నుంచి పుట్టే జబ్బు అది. ఆ ముక్కను చాలాసార్లు పైరంగే పట్టి ఉంచుతుంది. రంగు ముద్రించిన రేకు బొమ్మల నుంచి కూడా రంగు తీయకూడదు. ఆ ముద్రే ఆ బొమ్మ, పోతే తిరిగి రాదు.

గీకుడు, పొడి గరుకు కాగితం వద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమలైంది. అంతకుముందు డబ్బా రంగు కొని వేసిన బొమ్మలో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. రుద్దక తప్పకపోతే వాటర్ పేపర్‌ను తడిపి రుద్దండి, దుమ్ము లేవదు. పిల్లలతో ఈ పని చేయించవద్దు.

చివరి కడుగుడు గురించి మన జిల్లాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఒంటి సబ్బుతో కడిగితే తెల్లటి తెట్టు కట్టి సందుల్లో నిలుస్తుంది. గిన్నెల లిక్విడ్‌కు ఆ బాధ లేదు. ఆఖరుసారి ఫిల్టర్ నీళ్లతో జాడించండి, లేకపోతే ఆరాక తెల్ల చుక్కలు మిగిలి ప్రైమర్ కింద పొక్కుల్లా కనిపిస్తాయి. ప్లాస్టిక్‌ను ఎండలో, రేకుల మీద ఆరబెట్టవద్దు, సన్నని తుపాకీ గొట్టాలు, రెక్కలు వంగిపోతాయి. నీడలో ఒక రాత్రి చాలు. ఆరిన బొమ్మను వట్టి చేత్తో పట్టుకోకుండా ప్రైమర్ వేయండి.

వాడిన ఐపీఏను ఒక రోజు కదపకుండా ఉంచితే రంగు అడుక్కు దిగుతుంది. పైతేటను పాత బనీను గుడ్డలో వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని పాత పేపర్ మీద పోసి, పిల్లలు, పశువులు రాని చోట ఆరనిచ్చి, మూటకట్టి వేరుగా చెత్తబండికి ఇవ్వండి. మోరీలో గానీ బోరు పక్కన గానీ పారబోయవద్దు.

ఈ ఉత్తరమంతా వేయడానికి చోటు లేకపోతే, ‘ప్లాస్టిక్‌కు థిన్నర్ వద్దు, జింకు పోతకు కాస్టిక్ సోడా వద్దు’ అన్న రెండు మాటలైనా దసరాకు ముందు, ఆ చిట్కా వచ్చిన పేజీలోనే వేయండి. ఇలాంటి చిట్కాలను కత్తిరించి దాచుకునే పాఠకులు మీకు చాలామంది ఉన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా