కొలంబియా నది దారి: గాలి, నీళ్ల సంగతి ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే అమెరికాలో మనవాళ్లు నీట మునిగిన వార్త పేపర్లో చూస్తూనే ఉన్నాం. పేరు, ఊరు, చదువు, తల్లిదండ్రుల గోడు అన్నీ రాస్తారు. ఈత వచ్చిన మనిషి ఎందుకు మునిగాడన్నది మాత్రం రాయరు. కొత్తగా పెళ్లయి, కారు కొనుక్కుని లాంగ్ వీకెండ్‌కు బయల్దేరే జంటలకు ఆ ముక్కే ముందు తెలియాలి. ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య పారే కొలంబియా నది దారి గురించి మాకు తెలిసింది రాస్తున్నాం.

పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుకు దక్షిణపు ఒడ్డున ఐ-84 హైవే, ఉత్తరపు ఒడ్డున 14వ నంబరు రోడ్డు ఉన్నాయి. ఐ-84 మీద ఎగ్జిట్ నంబర్లు మైళ్ల లెక్కనే ఉంటాయి. 31 దగ్గర మల్ట్‌నోమా జలపాతం, 44 కాస్కేడ్ లాక్స్, 63 హుడ్ రివర్, 84 చుట్టుపక్కల ది డాల్స్. చాలామంది 31 దగ్గరే ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. చూడాల్సిన ఊళ్లన్నీ ఆ తర్వాతే ఉన్నాయి. ఒక ఒడ్డున వెళ్లి రెండో ఒడ్డున రండి, మధ్యలో ఒక రాత్రి ఏదో ఒక ఊళ్లో ఉండండి.

ఈ లోయలో గాలికి ఓ వేళంటూ ఉంది. కాస్కేడ్ కొండలను దాదాపు సముద్ర మట్టానికి కోసుకుంటూ నది వచ్చిన సందు ఇది. వేసవిలో తూర్పున మెట్ట నేల కాగి గాలి పైకి లేస్తే, సముద్రం వైపు చల్లగాలి ఈ సందులోంచే దూసుకొస్తుంది. మధ్యాహ్నం దాటాక జోరెక్కుతుంది. కారు పైన సామాన్ల పెట్టె కట్టుకున్నవారు, అద్దె వ్యాన్‌లో వెళ్లేవారు పొద్దున్నే వంతెన దాటాలి. హుడ్ రివర్ వంతెన 1924 నాటిది. ఒక్కో లేను తొమ్మిదిన్నర అడుగులు కూడా ఉండదు. అడుగున ఇనుప జాలీ కావడంతో టైర్లు గుయ్యిమంటాయి, స్టీరింగు కాస్త అటూ ఇటూ లాగుతుంది. అది కారులో లోపం కాదు. కంగారుపడి బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా ఒకే వేగంతో పోవాలి. చలికాలంలో గాలి ఎదురు తిరిగి తూర్పు నుంచి వస్తుంది, పడిన వాన రోడ్డు మీదే గడ్డకడుతుంది. అప్పుడు టైరు గొలుసులు లేకుండా బయల్దేరవద్దు.

ఇక నీళ్లు. ది డాల్స్‌లో 38 డిగ్రీల ఎండ కాస్తున్నా, నదిలో కలిసే ఉపనదుల్లో పారేది కరిగిన మంచు. పోర్ట్‌లాండ్ పక్కనే ఉన్న శాండీ నది మౌంట్ హుడ్ హిమానీనదాల్లో పుట్టింది. గోరువెచ్చని చెరువులో, కాలువలో ఈత నేర్చినవారికి ఈ చలి కొత్త. దూకిన క్షణంలోనే గుండెల నిండా గాలి లాగేస్తారు, అప్పుడు ముఖం నీళ్లలో ఉంటే లోపలికి పోయేది నీరే. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి రాదు. పది నిమిషాలయ్యేసరికి చేతులు, కాళ్లు మాట వినవు. ఎంత ఈతగాడైనా ఇంతే. లైఫ్ జాకెట్ లేకుండా మోకాలి లోతు దాటవద్దు, ఒడ్డు నుంచి నేల ఒక్కసారిగా దిగిపోయే చోట్లున్నాయి. పడిపోతే ఈదబోకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడే దాకా ఆగాలి. మునుగుతున్నవారి కోసం వెంట దూకకండి. ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరూ పోతారు. తాడో, ఖాళీ ఐస్ పెట్టో విసిరి అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి. ఆనకట్టల దిగువన నీటిమట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది, అక్కడి రాళ్ల మీద కూర్చోవద్దు.

ది డాల్స్ దాటాక అంతా ఎండుగడ్డి. కారును గడ్డిలోకి దింపితే సైలెన్సరు వేడికే అంటుకుంటుంది. 2017 సెప్టెంబరులో ఈగిల్ క్రీక్ అడవి తగలబడింది ఒక కుర్రాడు విసిరిన బాణసంచాతోనే. దీపావళి మిగులు టపాసులు ఈ దారిలో కారులో ఉండనే కూడదు.

చేపలు తినేవారికి ఒక మాట. కాస్కేడ్ లాక్స్‌లో బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్ అనే వంతెన కింద స్థానిక ఆదివాసులు తాము పట్టిన సాల్మన్ అమ్ముతారు. నగదు, ఐస్ పెట్టె దగ్గరుంచుకోండి. ఎప్పుడు పట్టారో అడిగి కొనండి. బానవిల్ ఆనకట్టలో చేపలు ఎగువకు ఎక్కిపోయేందుకు కట్టిన మెట్ల పక్కన అద్దాల కిటికీ ఉంది. జూన్‌లో అక్కడ లక్షల కొద్దీ ఎదురీదే షాడ్ చేప మన పులసకు చుట్టమే. ఎగువన ‘సెలీలో’ అనే జలపాతం దగ్గర వేల ఏళ్లు చేపలు పట్టారు. 1957 మార్చి 10న ది డాల్స్ ఆనకట్ట గేట్లు మూయగానే కొన్ని గంటల్లో అది మునిగిపోయింది. మన సంగమేశ్వరం ఏటా శ్రీశైలం నీళ్లలోంచి బయటపడుతుంది, సెలీలో జలపాతం మళ్లీ కనబడలేదు. రోడ్డు పక్కన ఆ జలపాతం పేరు మీదే ఉన్న పార్కులో పది నిమిషాలు ఆగండి.

మే నెల మొదటి వారంలోనే ప్రవాసుల పేజీలో చలినీళ్ల గురించి, లైఫ్ జాకెట్ గురించి ఓ పెట్టె కట్టి వేయాలని కోరుతున్నాం. పిల్లల దగ్గరికి వేసవికి వెళ్లే అమ్మానాన్నలు ఆ పేజీ చదివే బయల్దేరతారు, కొడుకుకో కోడలికో చూపిస్తారు.

– పాఠక దంపతులు, బీవర్టన్, ఒరెగాన్