గ్లైడర్ పందేలకు ఇన్ని తరగతులా?

అయ్యా,

మన సీమ బండలాగుడు పోటీల్లో పాలపళ్ల కోడెల్ని ఆరుపళ్ల ఎద్దుల మీదకు దించరు. ఇంజన్ బలం లేకుండా గాలి ఆసరాతో ఎగిరే విమానాలైన గ్లైడర్ల పందేల్లో ఆ న్యాయం రెక్కల పొడవుతో చూస్తారు. 15 మీటర్లు, 18 మీటర్లు అంటూ వేరు చేస్తారు. ఓపెన్ తరగతిలో పొడవుకు హద్దే లేదు. ఈటా అనే గ్లైడర్ రెక్కలు 30.9 మీటర్లు! అంతవరకు సబబే.

కానీ స్టాండర్డ్ తరగతిలోనూ పొడవు 15 మీటర్లే. అసలు తేడా ఫ్లాప్స్, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, ఉండొచ్చా లేదా అన్న దగ్గరే. అంతమాత్రానికి వేరే టైటిలా? స్టాండర్డ్, 15 మీటర్ల తరగతులు రెండూ కలిపేయాలి.

పాత గ్లైడర్లకు అన్యాయమంటారేమో, వాటికి క్లబ్ తరగతి ఉండనే ఉంది. అక్కడ గ్లైడర్ సత్తాను బట్టి స్కోరు సవరిస్తారు. మిగతా తరగతుల్లో రెక్కల్లో నీళ్లు నింపి బరువు పెంచుతారు. వేడిగాలి బలంగా లేచే రోజున ఆ బరువే వేగం, దిగేముందు వదిలేస్తారు. క్లబ్ తరగతిలో ఆ నీళ్లు నిషిద్ధం. గాలిని చదవగలిగినవాడే ముందుంటాడు.

అందుకే మన దేశంలో పోటీ పెడితే ముందు క్లబ్ తరగతే పెట్టాలి. కొత్త గ్లైడర్ కొనే స్తోమత ఎందరికుంది?

– ఒక పాఠకుడు, కర్నూలు