పురుగు ఫోటోకీ కాస్త చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్తే, చిన్నప్పట్నుంచీ పిట్టలు, పురుగులు ఏది కనబడ్డా నోటుబుక్కులో రాసుకునే అలవాటు నాది, సైన్సు డిగ్రీలేం లేవు, ఇంట్లోవాళ్లు పనిలేని పని అనేవాళ్లు. పురుగూ పిట్టా చెట్టూ ఏది కనబడ్డా ఎవరైనా ఫోటో ఎక్కించి పేరు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటు (2008లో మొదలైంది) గురించి తెలిశాక పాత ఫోటోలన్నీ తేదీ, చోటు చూసుకుని ఎక్కించడం మొదలుపెట్టా. అక్కడ ఒకళ్లు పేరు చెప్తే అయిపోదు, పేరు పెట్టినవాళ్లలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒప్పుకుంటేనే రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకి పనికొచ్చే స్థాయి, నేను ధీమాగా పెట్టినవి ఎన్ని తప్పయ్యాయో (చిమ్మటల జోలికెళ్తే బుర్ర తిరుగుద్ది). పిట్టలకైతే 2002 నుంచీ ఈబర్డ్ అని చూసిన పిట్టల లెక్క రాసే వెబ్‌సైటు ఉంది, అందులో కాకి, పిచ్చుక లెక్క కూడా రాయాలి, మామూలువి తగ్గిపోతున్నాయని తెలిసేది ఆ లెక్కల్తోనే కదా. పులి కనబడితే మీరు ఫోటో వేస్తారు, బాగానే ఉంది, వారానికోసారి పాఠకులు తీసిన పురుగు ఫోటో కూడా వెయ్యండి. గూళ్ల దగ్గరికెళ్లి మాత్రం తియ్యొద్దని చెప్పండి.

ఇట్లు, మీ పాఠకుడు