నిన్నటి సాగర్ ప్రయాణం

మిత్రులందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. కాళ్లు లాగుతున్నా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆరేళ్లుగా పరాయి దేశంలో ఉంటూ ఎన్నో ఆనకట్టలు చూశాను. కానీ నిన్న నాగార్జునసాగర్ ముందు నిలబడినప్పుడు గొంతు పట్టేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేసిన కట్టడం అది. సిమెంటు దిమ్మ కాదు, రాతి కట్టడం! తట్టలతో రాళ్లు మోసిన కూలీలే కళ్ల ముందు మెదిలారు. చిన్నప్పుడు బడి విహారయాత్రలో ఇదే చోట నేను చూసింది గేట్ల లెక్క మాత్రమే. ఇరవై ఆరు, అంతే.

లాంచీ ఆలస్యమైందని విసుక్కున్నాం గానీ, జలాశయం మధ్య నాగార్జునకొండ మీద మ్యూజియంలో ఆ ప్రాచీన బౌద్ధ సున్నపురాయి శిల్పాలు చూశాక ఎవరూ మాట్లాడలేదు. ఆనకట్ట నీళ్లలో లోయ మునిగిపోకముందే తవ్వి, పైకి చేర్చి కాపాడారు కదా, వాళ్లకు దండం పెట్టాలి. సాగర్ దగ్గరి అనుపు అనే చోట పాత రాతి మెట్ల రంగస్థలం మధ్య నేను చిటిక వేస్తే పై మెట్టు మీద పులిహోర తింటున్న మన లెక్కల మాస్టారు ఉలిక్కిపడి తల తిప్పారు. ఆ ముఖం ఫోటో తీయనందుకు ఇంకా బాధగా ఉంది.

గోంగూర పచ్చడి తెచ్చిన స్టీలు డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. పచ్చడి మాత్రం లేదు, అడగకండి. గురువారం విమానం ఎక్కేలోపు డబ్బా ఎవరిదో చెబితే ఇచ్చి వెళతాను.