కుక్కపిల్ల ముక్కు నేలకేసి రుద్దకండి

సంపాదకులకు,

పెంపుడు కుక్కల గురించి పత్రికల్లో ఏ జాతి మంచిది, ఏం తినిపించాలి అన్నవే ఎక్కువగా వస్తుంటాయి. పిల్ల ఇంటికొచ్చిన మొదటి వారంలో ఇంటిల్లిపాదినీ ఏడిపించేది మాత్రం దాని ఒంటికి, రెంటికి వ్యవహారం. దానికి చాలా ఇళ్లలో ఇప్పటికీ ఒకటే వైద్యం: పిల్లను ఈడ్చుకొచ్చి, ముక్కును ఆ తడిలో రుద్ది, నాలుగు తగిలించడం. దీంతో పని జరగకపోగా ఉన్నదీ చెడుతుంది.

ఎనిమిది వారాల పిల్లకు మూత్రాశయం చిన్నది. దాన్ని బిగబట్టే కండరాల మీద పట్టు సుమారు 12 నుంచి 16 వారాల వయసులో గానీ రాదు. అంచనాకు ఒక మోటు లెక్క ఉంది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే, అన్ని గంటలు ఆపుకోగలదని. రెండు నెలలదైతే మూడు గంటలు. అదీ కదలకుండా పడుకున్నప్పుడు మాత్రమే. మెలకువగా తిరుగుతుంటే గంటకోసారి, గంతులేస్తుంటే అంతకన్నా ముందే బయటికి తీసుకెళ్లాలి. నిద్ర లేవగానే, తిన్న అరగంటలోపు, ఆట ఆగగానే, రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరి. పిల్ల నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతున్నా, ఆట మధ్యలో వదిలేసి మూలకు వెళుతున్నా మీకు మిగిలింది క్షణాలే. అప్పుడు నడిపించకండి, దారిలోనే కానిచ్చేస్తుంది. ఎత్తుకుని వెళ్లండి.

తిండికి వేళ ఉంటే మలానికీ వేళ కుదురుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు, అవే సమయాల్లో పెట్టి, 15–20 నిమిషాల తర్వాత మిగిలినా సరే గిన్నె తీసేయాలి. రోజంతా నిండు గిన్నె ముందుంటే పిల్ల ఎప్పుడు వెళుతుందో ఎవరూ చెప్పలేరు. నీళ్లు మాత్రం పగలు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఇల్లు తడుస్తుందని నీళ్లు మాన్పించేవాళ్లున్నారు, అది క్రూరత్వం.

బయట ప్రతిసారీ ఒకే చోటికి, తాడు కట్టి తీసుకెళ్లి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. పని ముగిసిన రెండు మూడు సెకన్లలో, అక్కడికక్కడే చిన్న తిండిముక్క అందాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి రావడానికే బహుమతి అనుకుంటుంది. పని కాగానే లోపలికి లాక్కురావడమూ పొరపాటే. షికారు అయిపోతుందని అర్థమై, ఆపుకోవడం మొదలుపెడుతుంది. ఓ ఐదు నిమిషాలు ఆడనివ్వండి. అసలు వెళ్లకపోతే ఇంట్లోకి తెచ్చి వదిలేయకండి. బోనులోనో (పిల్ల పడుకునే పంజరం లాంటి పెట్టె) ఒడిలోనో పావుగంట ఉంచి మళ్లీ తీసుకెళ్లండి. ‘బయట అరగంట తిప్పినా చేయలేదు, గడప దాటగానే చేసింది’ అనే ఫిర్యాదు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

పిల్ల తన పడకను శుభ్రంగా ఉంచుకుంటుంది, బోను పనికొచ్చేది అందుకే. పిల్ల లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి ఆ బోను సరిపోతే చాలు. పెరిగితే పనికొస్తుందని పెద్దది కొంటే ఒక మూల పడకగది, ఇంకో మూల మరుగుదొడ్డి చేసుకుంటుంది. పెద్దదే ఉంటే మధ్యలో అడ్డం పెట్టండి. ఆపుకోగలిగే సమయం దాటాక కూడా బంధిస్తే మాత్రం పడక తడిపి అందులోనే పడుకోక తప్పదు. పడకను శుభ్రంగా ఉంచుకునే సహజ గుణం అలా ఒకసారి మొద్దుబారితే తిరిగి తేవడం చాలా కష్టం.

ఇక శిక్ష సంగతి. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు కొడితే, ఆ పనికీ ఈ దెబ్బకీ ఉన్న ముడి పిల్లకు తెలియదు. చేస్తుండగా కొడితే నేర్చుకునేది ఒక్కటే, మనిషి ఎదుట చేయడం ప్రమాదమని. ఆ తర్వాత సోఫా వెనక్కి వెళ్లి చేస్తుంది, బయట మీరు పక్కనుంటే బిగబడుతుంది. ‘తప్పు తెలుసు, మొహం చూడండి’ అంటారు. కుక్కల ప్రవర్తనపై పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ మొహం యజమాని తిట్టినప్పుడు ఎక్కువగా కనిపించింది. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో సంబంధం లేదు. లోపల చేస్తూ దొరికితే చప్పట్లు కొట్టి ఆపి, ఎత్తుకుని బయటికి తీసుకెళ్లడం వరకే మన వంతు.

తుడవడంలోనూ తప్పులున్నాయి. ఫినాయిల్ వాసన మన ముక్కును మాయ చేస్తుంది గానీ కుక్క ముక్కును కాదు. అమ్మోనియా ఉన్న ద్రావకాలైతే ఇంకా చేటు, మూత్రంలోనూ ఆ వాసనే ఉంటుంది కనుక. బ్లీచ్‌ను మూత్రం మీద పోస్తే హానికరమైన వాయువులు వస్తాయి. ముందు పొడిగుడ్డతో అద్ది, పెంపుడు జంతువుల మరకలకని అమ్మే ఎంజైమ్ ద్రావకం పోసి, సీసా మీద రాసినంతసేపు ఉంచాలి. తివాచీ అయితే మూత్రం ఎంత లోతుకు దిగిందో ద్రావకమూ అంత లోతుకు దిగాలి.

పాత దినపత్రిక పరిచే పద్ధతి మీకు నచ్చకపోవచ్చు, నాకూ అంతగా నచ్చదు. కుక్క పాదాల కింద తగిలే స్పర్శను బట్టి చోటు గుర్తుపెట్టుకుంటుంది. కాగితానికి అలవాటైతే నేలమీద పడిన ఏ కాగితమైనా, ఒక్కోసారి కాళ్లు తుడుచుకునే పట్టా అయినా ఒకటే. కానీ టీకాలన్నీ పూర్తికాని పిల్లను ఇతర కుక్కలు తిరిగే చోటికి తీసుకెళ్లకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. సొంత పెరడు లేనివారు బాల్కనీలో వెడల్పాటి ట్రేలో పచ్చిక గడ్డి పెట్టడం మేలు. రేపు బయట దొరికేదీ గడ్డే కదా.

ఇవన్నీ పాటించినా మాటిమాటికీ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, ముక్కుతున్నా, రక్తం కనిపించినా అది శిక్షణ లోపం కాదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు, పశువైద్యుడికి చూపించాలి. బాగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో చేయడం మొదలుపెట్టినా అంతే. మీరు ఇంటికి రాగానే ఆనందంతోనో భయంతోనో మూత్రం కార్చేసే పిల్లది వేరే సంగతి. దానికి తెలియకుండానే జరుగుతుంది. మీద వంగి పలకరించకుండా, కాసేపు పట్టించుకోకుండా ఉండి, ఆ తర్వాత పక్కకు తిరిగి కూర్చుని చేయి అందించండి. చాలా పిల్లల్లో ఎదిగేకొద్దీ అది పోతుంది.

— కుక్కల శిక్షకురాలు