అటక మీది చిన్న కేసియోను తూకానికి వేయకండి

సంపాదకుడు గారికి,

ఇల్లు సర్దేటప్పుడు పాత సామాన్ల వాళ్లకు తూకానికి పోయేవాటిలో 1980ల నాటి చిన్న మెట్ల కేసియో, యమహా కీబోర్డులు కూడా ఉంటున్నాయి. పిల్లల బొమ్మ, అదీ పలకడం లేదు అంటారు. పలకకపోవడం చాలాసార్లు ఒక పూట పని. బొమ్మ అనడమే అన్యాయం.

కేసియో ఎస్‌కె-1నే తీసుకోండి. 32 మెట్లు, ఒకేసారి నాలుగు స్వరాలు, పెట్టెలోనే మైకు. 1.4 సెకన్ల శబ్దాన్ని 8 బిట్లలో, సెకనుకు సుమారు 9,380 శాంపిళ్ల (శబ్దపు కొలతల) చొప్పున పట్టుకుంటుంది. కాబట్టి అందులో సగం, అంటే 4.7 కిలోహెర్ట్జ్ పైనున్న సన్నని శబ్దమేదీ మిగలదు. ఆ గరగర కోసమే ఇప్పటికీ దీన్ని వెతికి కొనేవాళ్లున్నారు. ‘ఆ’ అని ఒక ఆకారం పాడి పట్టించి, ఒక స్థాయి (ఆక్టేవ్) కింద వాయిస్తే అదే గొంతు రెట్టింపు సేపు, బొంగురుగా సాగుతుంది. పోర్టమెంటో బటన్ నొక్కితే ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే గమకం, జారు లాంటిది వస్తుంది. స్వరాన్ని ఊపే కంపితం మాత్రం ఆశించకండి. ఇక కేసియోదే మరో కీబోర్డు ఎమ్‌టి-40 సంగతి: అందులోని ‘రాక్’ తాళాన్ని కూర్చింది కేసియోలో అప్పుడే చేరిన ఒకుడా హిరోకో. 1985లో జమైకా రెగే సంగీతాన్ని ఎలక్ట్రానిక్ వాద్యాల వైపు మళ్లించిన ‘స్లెంగ్ టెంగ్’ పాట దాని మీదే నిలబడింది. బొమ్మేనట!

మరమ్మతుకు ముందు సెల్స్ అర చూడండి. కారిన ఆల్కలైన్ సెల్స్ వదిలిన తెల్ల పొక్కును, చిలుమును ఇయర్ బడ్‌కు కొద్దిగా వెనిగర్ అద్ది తుడవండి, తర్వాత స్పిరిట్‌తో ఆరబెట్టండి. స్ప్రింగ్ మెరిసిపోతున్నా, దానికి అతికిన తీగ పైతొడుగు లోపల పచ్చబడి తెగి ఉండొచ్చు. అలాంటి తీగను మార్చేయాలి. కొత్త సెల్స్ వేసినా ఉలుకూ పలుకూ లేకపోతే అడాప్టర్ సాకెట్‌ను అనుమానించండి. పిన్ను గుచ్చగానే సెల్స్ కరెంటును ఆపే పలక దాని లోపల ఉంటుంది. అది చిలుము పడితే, పిన్ను లేకపోయినా కరెంటు అందదు. పిన్నును పదిసార్లు గుచ్చి తీస్తే ఒక్కోసారి అదే తేరుకుంటుంది.

అక్కడక్కడ ఒక్కో మెట్టు పలకకపోతే మట్టి. మెట్ల కింది రబ్బరు పట్టీ ఎత్తి, నల్లటి కార్బన్ చుక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా అద్దండి. గీకితే కార్బన్ ఊడిపోతుంది, గరుకు కాగితం దగ్గరికే రానివ్వొద్దు. లెక్కగా ఒక వరుస మెట్లన్నీ మూగబోతే మాత్రం అది మట్టి కాదు. మెట్లు మాట్రిక్స్ పద్ధతిలో, అంటే అడ్డం నిలువు లైన్ల గళ్లుగా కలిసి ఉంటాయి కనుక ఒక లైను తెగిందని అర్థం, రిబ్బన్ తీగ టంకాలు చూడాలి.

ఈ కీబోర్డుల ప్రాణాలు ఎక్కువగా తీసేది సెట్‌టాప్ బాక్సు అడాప్టరే. ఎస్‌కె-1కు ఐదు పెన్సిల్ సెల్స్, అంటే 7.5 వోల్టులు చాలు. పైగా పిన్ను మధ్యభాగం మైనస్. ఇంట్లో దొరికేది 12 వోల్టులు, మధ్యలో ప్లస్. సైజు సరిపోయిందని గుచ్చారో, ప్రధాన చిప్పే పోవచ్చు. అది పోతే నిజంగా తూకానికే. అప్పుడైనా మెట్లు, రబ్బరు పట్టీలు ఊడదీసి ఉంచండి, వాటి కోసం తిరిగేవాళ్లు ఉన్నారు.

ఇట్లు,
ఒక కీబోర్డు మెకానిక్,
విజయవాడ