పెద్ద వయసు పిల్లుల అర ఎందుకు ఖాళీ చేశానంటే

ఈ వారం షాపుకి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. కౌంటర్ పక్కన 'పెద్ద వయసు పిల్లులకు' అని అట్ట కట్టిన అర సగం ఖాళీగా ఉంది. స్టాకు రాక కాదు, నేనే తీసేశాను. ఎందుకు తీశానో, ఇకమీదట అందులో ఏం పెడతానో మీకు చెప్పాలి. ఇందులో నా తప్పు ఉంది, ముందు అది చెప్తాను.

మా పాత కస్టమర్ ఒకావిడ ఉన్నారు, పిన్నిగారూ అని పిలుస్తాను. వాళ్ల పిల్లి బుజ్జికి పదమూడేళ్లు. "పళ్లు ఊడిపోయాయి, ఆ గట్టి గింజలు నమల్లేకపోతోంది, మెత్తగా ఉండేదేదైనా ఇవ్వు బాబూ" అన్నారు. చేప ముక్కలు, పల్చటి గ్రేవీ ఉన్న ప్యాకెట్లు ఇచ్చాను. బుజ్జి గిన్నె నాకేసిందని మర్నాడే వచ్చి చెప్పారు. అలా నాలుగు నెలలు అవే పట్టుకెళ్లారు. డ్రై ఫుడ్ పూర్తిగా మానేశారా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఒకరోజు బుజ్జిని బుట్టలో పెట్టుకుని తెచ్చారు. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటిగా వేళ్లకు తగిలాయి. ఆ రోజు ప్యాకెట్ తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చదివాను. 'కాంప్లిమెంటరీ' అని ఉంది.

ఆ మాట ఉన్న ఫుడ్ మనకు అప్పడం, వడియం లాంటిది. అసలు తిండి పక్కన కాస్త పెట్టడానికే. 'కంప్లీట్' అని ఉంటేనే రోజూ పూర్తి భోజనంగా పెట్టాలి. పిల్లికి కావలసిన విటమిన్లు, ఖనిజాలు, టారిన్ అనే పోషకం అందులో కలుపుతారు. టారిన్ చాలకపోతే పిల్లికి కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండె సంగతిని అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ క్యాంపస్ వాళ్లు 1987లోనే బయటపెట్టారు. ప్యాకెట్ మీద ఉన్నది ఉన్నట్టే రాశారు. చదవకుండా అమ్మింది నేను.

బుజ్జిని వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీ సమస్య కూడా మొదలైందని తేలింది. అంటే చిక్కిపోవడానికి తిండి ఒక్కటే కారణం కాదు. అయినా నేను మొదటి నెలలోనే అడిగి ఉంటే ఆ పరీక్ష మూడు నెలల ముందే జరిగేది. ఆ బాధ నాకు పోలేదు.

అందుకే మీ పిల్లికి పదేళ్లు దాటాయంటే ఫుడ్ మార్చేముందు ఒక్కసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. నీళ్లు ఎక్కువ తాగుతున్నా, ఇసుక ట్రేలో మూత్రం ఉండలు పెద్దవవుతున్నా, బాగా తింటూనే చిక్కిపోతున్నా అసలు ఆలస్యం చెయ్యొద్దు. కిడ్నీ, థైరాయిడ్, షుగర్ మూడూ ఇలాగే కనిపిస్తాయి, మూడింటికీ తిండి వేరు. కిడ్నీ పిల్లికి ఫాస్ఫరస్ తగ్గించాలి. ఆరోగ్యంగా ఉన్న ముసలి పిల్లికి మాత్రం కండ తగ్గకుండా మంచి ప్రోటీన్ కావాలి. పెద్దదైంది కదా అని మాంసం తగ్గించేస్తే నష్టమే.

'సీనియర్' అని రాసి ఉంటే చాలని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అమెరికాలో పెట్ ఫుడ్ ప్రమాణాలు రాసే ఆఫ్కో సంస్థ పట్టికలో ఎదిగే పిల్లికూనలకు ఒక కొలత, పెద్దవాటికి ఒక కొలత ఉన్నాయి. ముసలివాటికంటూ విడిగా లేదు. కాబట్టి 7+, 11+ అనే వయసు అంకెలు చూసి ఆగకుండా వెనకవైపు కూడా చదవాలి.

అక్కడ ఇంకో తికమక ఉంది. "డ్రైలో ప్రోటీన్ 30 శాతం, ఈ తడి ప్యాకెట్‌లో పదేనా?" అని అడుగుతుంటారు. తడి ఫుడ్‌లో దాదాపు 80 శాతం నీళ్లే. మిగిలిన 20లో 10 ప్రోటీన్, అంటే సగం. డ్రైలో నీళ్లు పది శాతం తీసేస్తే మిగిలిన 90లో 30, అంటే మూడో వంతే. పైగా పిల్లులు తమంతట తాము నీళ్లు సరిగా తాగవు, ముసలి వయసులో ఆ నీళ్లు తిండితోపాటు లోపలికి వెళ్లడం చాలా మేలు.

ఖర్చు సంగతి దాచను. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 క్యాలరీలు కావాలి. 85 గ్రాముల ప్యాకెట్లు మూడు దాకా పడతాయి. ఒక్కోటి 50 రూపాయలనుకున్నా నెలకు 4,500. అందరికీ కుదరదు. కుదరనివాళ్లు పొద్దున, సాయంత్రం ఒక్కో ప్యాకెట్ పెట్టి, మిగతాది డ్రై ఫుడ్‌నే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పెట్టండి. పెరుగన్నంతో సరిపెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర రసం అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి.

గ్రేవీ నాకేసి ముక్కలు వదిలేస్తోందని చాలామంది చెప్తున్నారు. బుజ్జీ అంతే. పళ్లు లేనివాటికి ముక్కల రకం కన్నా ముద్దలా ఉండే మూస్ రకం నయం. ముక్కలే ఉంటే స్పూన్‌తో మెదిపి, ఒక చెంచా వేడినీళ్లు కలపండి. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెట్టొద్దు, వాసన రాదు. వయసు పెరిగితే పిల్లికి వాసన తెలియడం తగ్గుతుంది, వాసన తగలకపోతే మూతి తిప్పుకుంటుంది. ప్యాకెట్‌ని వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచితే చాలు. మన ఎండల్లో గిన్నెలో గంటకు మించి వదలొద్దు.

కొత్త ఫుడ్ వారం, పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మొండికేయొద్దు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావు పిల్లికి, లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక్క రోజు పూర్తిగా ముట్టకపోయినా వెట్‌కి ఫోన్ చెయ్యండి.

ఇక షాపు సంగతి. ఆ అరలో ఇకనుంచి 'కంప్లీట్' అని రాసినవే ఉంటాయి. మిగతావి వేరే అరలోకి వెళ్లాయి, వాటి మీద 'పక్కన పెట్టడానికి మాత్రమే' అని తెలుగులో అట్ట కట్టాను. కిడ్నీ ఫుడ్ వెట్ చీటీ చూపిస్తేనే ఇస్తాను, దయచేసి కోప్పడకండి. పెట్టె మొత్తం కొనక్కర్లేదు, మీ పిల్లి తింటుందో లేదో చూసుకోవడానికి ఒక్కో ప్యాకెట్ విడిగా అమ్ముతాను. ముసలి పిల్లి కోసం మా దగ్గర కాంప్లిమెంటరీ ప్యాకెట్లు కొన్నవాళ్లు విప్పనివి తెచ్చేయండి, బిల్లు లేకపోయినా డబ్బు తిరిగిస్తాను.

కౌంటర్ మీద తూకం మిషన్ పెట్టాను. నెలకోసారి పిల్లిని తెస్తే బరువు చూసి కార్డు మీద రాసిస్తాను, డబ్బులక్కర్లేదు. మొదటి కార్డు బుజ్జిదే. మొదటిసారి తూచినప్పుడు 2 కిలోల 800 గ్రాములు. పోయిన ఆదివారం 3 కిలోల 100.